అమ్మ పాటలు సీడీకెక్కిన రోజు

మొన్న ఆదివారం చర్చి హాల్లో నా పరువు ఎలా పోయిందో చెబుతా. టీ చల్లారేలోపు అయిపోతుంది.

మా అమ్మ ప్రార్థన పాటలు కడుతుంది, తెలుసు కదా. ఈ హిందీ ఊళ్లో, మా రుఆబాంధా బస్తీలో అవి పాడేవాళ్లంతా ఆమె ఈడు ఆడవాళ్లే. "మా గొంతులు పోయాక ఎవులు పాడతార్రా?" అని ఆమె బెంగ. పుస్తకం అచ్చేయిద్దామంది. స్టీలు ప్లాంటులో కంప్యూటర్ ముందు కూర్చునే మొనగాణ్ణి, ఊరుకుంటానా? "ఈ రోజుల్లో అచ్చేంటమ్మా, ఈ-బుక్ చేసి సీడీలో పెడతా. చిరగదు, చెద పట్టదు. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు" అన్నాను.

సెలవులన్నీ ధారపోసి తెలుగులో టైపు చేశాను. అట్ట మీద నా పేరు కాస్త లావుగానే వేసుకున్నాను. అప్పుడొచ్చింది మా అమ్మాయి స్వీటీ. "నాన్నా, హమ్ బచ్చోంకో తెలుగు పఢ్‌నా నహీ ఆతా. హిందీ అక్షరాల్లో కూడా పెట్టవా."

హిందీ బడి పిల్లలు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అయినా నాకు ఒళ్లు మండింది. "తెలుగు పాటలు హిందీలో ఏంటే? కావాలంటే నువ్వే కొట్టుకో, చివర్లో తగిలిస్తా" అన్నాను. అది మొండిది. మా ఇంట్లో హిందీ ఫాంట్ లేదని, బజార్లో డీటీపీ షాపు భయ్యాని బతిమాలి, అక్కడే కూర్చుని అన్నీ టైపు కొట్టి తెచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ భయ్యా కంప్యూటరే అరువు తెచ్చి, ప్రొజెక్టర్‌కి తగిలించి సీడీ పెట్టాం. పుస్తకం తెరుచుకుంది. అక్షరం లేదు. అన్నీ డబ్బాలు, కొక్కేలు, అక్కడక్కడా డాలర్ గుర్తులు.

అమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఏటిరా ఇది? నాను రాసింది ఇలాగున్నాదేటి?"

పాస్టర్ గారు మెల్లగా, "పరిశుద్ధాత్మ పలికించే అన్యభాషలేమో తల్లీ" అన్నారు. హాలంతా నవ్వు.

అప్పుడు వెలిగింది నాకు. తెలుగు ఫాంట్ మా ఇంటి కంప్యూటర్లోనే ఉంది. దాన్నీ సీడీలో వెయ్యాల్సింది, లేకుంటే వేరే కంప్యూటర్లో అక్షరం కనబడదు. కూర సర్దుకుని అన్నం ఇంట్లో వదిలేసి షిఫ్టుకెళ్లినట్టయింది నా పని. అమ్మ మొహం చిన్నబోయింది. తలెత్తలేకపోయాను.

ఇంతలో స్వీటీ మౌస్ లాక్కుని చివరి పేజీలకు పోయింది. హిందీ అక్షరాలు శుభ్రంగా నిలబడ్డాయి. ఆ కంప్యూటర్లో కొట్టినవే కదా. పిల్లలంతా లేచి, నానమ్మల నోట విన్న రాగంలో పాట అందుకున్నారు. చూసేది హిందీ, పాడేది తెలుగు. పెద్దవాళ్లు వాళ్ల వెనక గొంతు కలిపారు. పక్కనున్న చరోదా నుంచి వచ్చిన మా పిన్ని, "ఈ గుంటలకి ఇంత తెలుగొచ్చేటి" అని ముక్కున వేలేసుకుంది. అమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇప్పుడు అందరికీ ఆ సీడీయే కావాలి. సరిచేసి కొత్తది ఇస్తానంటే వినేవాళ్లు లేరు. భయ్యా హిందీ ఫాంట్ కూడా అందులోనే వేసి, కాపీలు కొట్టి పక్క పేట రిసాలి దాకా పంచేశాడు. అట్ట మీద నా పేరు ఇప్పటికీ డబ్బాలే. స్వీటీ కొట్టిన పేజీలో మాత్రం అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి: "పాటలు: నానమ్మ. పుస్తకం: స్వీటీ."

నిన్న ప్లాంటు గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపి మరీ అడిగారు. "మీరు స్వీటీ వాళ్ల నాన్నగారు కదండీ? మీకూ కంప్యూటర్ వచ్చా?"

"పాప దగ్గర నేర్చుకుంటున్నానండీ" అన్నాను.