జిప్పులు అయిపోయాయి

బ్యాగులు కుట్టే ఆ షెడ్డులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ప్లానక్కే. ఏ మిషను మీద ఎవరు కూర్చోవాలి, ఏ ముక్క ముందు కుట్టాలి, లారీ ఎప్పుడు రావాలి, అన్నీ పొద్దున్నే తెల్లబోర్డు మీద ఆవిడే రాస్తుంది. ఏళ్ల తరబడి మిషను తొక్కి తొక్కి ఆ బోర్డు దాకా వచ్చిన మనిషి. వచ్చాక సొంత చెల్లెల్ని తెచ్చి జిప్పుల లైనులో పెట్టింది. చెల్లెలికి నోరు పెద్దది, చేయి అంతకన్నా చురుకు. ఆ ఉద్యోగం ఉందన్న ధైర్యంతోనే చెల్లెలు అమ్మను తన దగ్గర ఉంచుకుంది.

స్కూలు బ్యాగుల ఆర్డరు నడుస్తున్న రోజున, మిషన్ల రొదలో ప్లానక్క గుమ్మం దగ్గర నుంచే కేకేసింది.

"జిప్పుల సంగతేంటే?"

"అయిపోయాయక్కా!"

ఇంతకన్నా దొంగమాట మన భాషలో ఇంకోటి లేదు. పని పూర్తయినా అయిపోయినట్టే, డబ్బాలో సరుకు నిండుకున్నా అయిపోయినట్టే. చెల్లెలు చెప్పింది డబ్బా సంగతి, అక్క విన్నది పని సంగతి. వెంటనే లైను మొత్తాన్ని భుజాల పట్టీలకు మళ్లించి లారీని రమ్మంది. జిప్పులు వచ్చేదాకా ఖాళీగా ఉంచడం ఎందుకని అక్క పట్టీలిచ్చింది కాబోలనుకుని చెల్లెలు తల వంచుకుని కుట్టింది. తీరా మూటలు కట్టబోతే సగం బ్యాగులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. లారీ ఖాళీగా వెళ్లింది, దాని వెనకే ఆర్డరూ పోయింది.

తిలాపాపం తలా పిడికెడు అనుకుంటే సరిపోయేది. కానీ అకౌంట్స్ ఆవిడ నష్టం లెక్క తేల్చి వెళ్లాక, ఓనరు ప్లానక్కను గదిలోకి పిలిచాడు.

"సోమవారం నుంచి జిప్పుల లైనులో ఒక మనిషిని తగ్గించి ప్లాను వెయ్యమ్మా. ఎవర్నో నీకు తెలుసు."

"తప్పు నాదండీ. సరిగ్గా కనుక్కోవాల్సింది నేను."

"అయ్యుండొచ్చు. కుట్టేవాళ్లు రేపు దొరుకుతారు, ప్లాను వేసేవాళ్లు దొరకరు. నష్టాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చాలిగా?"

'అయితే నేనే మళ్లీ మిషను మీద కూర్చుంటాను' అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్నేళ్లు వంగిన నడుము దాన్ని బయటికి రానివ్వలేదు. ఆవిణ్ణి తిట్టడం తేలికే, కాకపోతే ఆ మిషను ముందు స్టూలు మీద కొన్నాళ్లు కూర్చుని తిట్టాలి.

శనివారం అందరికీ టీమ్‌వర్క్ ట్రైనింగ్ పెట్టారు. నష్టం వచ్చాక బుద్ధులు చెప్పించడం ఓనర్లకు అలవాటే. ట్రైనరు ఇద్దరిద్దర్ని వీపులు ఆనించి కూర్చోబెట్టాడు. ఒకరు చేతిలో ఉన్న బొమ్మను మాటల్లో చెప్పాలి, రెండోవాళ్లు చూడకుండా గీయాలి. అక్కాచెల్లెళ్లు జంటగా పడ్డారు.

"ముందు గుండ్రంగా గీయక్కా. నువ్వు చేసే రొట్టెలా కాదు, నిజంగా గుండ్రంగా!" అంది చెల్లెలు. గదంతా నవ్వింది.

"ఆ గీత పైకా, పక్కకా?" అని అక్క గీతగీతకీ అడిగింది. చివరికి చూస్తే బొమ్మ అచ్చు గుద్దినట్టు వచ్చింది.

"చూశారా, టీమంటే ఇదండీ!" అని ట్రైనరు చప్పట్లు కొట్టాడు.

బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు కూడా చెల్లెలి ముఖం వెలిగిపోతూనే ఉంది.

"ఇంక మన మీద మాట పడదక్కా."

ప్లానక్క మింగలేక కక్కలేక రెండు రోజులుగా నలుగుతోంది. చెల్లెలు ఈ సంగతి సోమవారం బోర్డు చూసి తెలుసుకుంటే ఇంకా ఘోరం.

"సోమవారం నుంచి నువ్వు రావద్దే."

చెల్లెలు నవ్వింది. అక్క నవ్వకపోయేసరికి కుళాయి కట్టేసింది.

"ఎవరన్నారు?"

"ఓనరు. ప్లాను మాత్రం నేనే వేశాను."

చెల్లెలు చేతులు తుడుచుకుంది. తడి ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది. ఏడుస్తుందేమో, దులిపేస్తుందేమో అని అక్క ఎదురుచూసింది. దులిపేసినా బాగుండేది.

"అమ్మకి నువ్వేం చెప్పకు," అంది చెల్లెలు చివరికి. "నాకే విసుగొచ్చి మానేశానంటాను. అసలు సంగతి తెలిస్తే అమ్మ జన్మలో నీ మొహం చూడదు."

'వద్దే, ఉన్నదే చెబుదాం' అనాలి. ప్లానక్క అనలేదు. సరేనని తలూపింది.