ఆరు పెట్టెల ఎస్పెరాంటో

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మార్చిలో, షాంటిలీకి దగ్గర్లోని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నన్ను విరాళాల పరిశీలనకు సీనియర్ క్యాటలాగర్‌గా, అంటే పుస్తకాల వివరాలు నమోదు చేసే ఉద్యోగిగా, వేశారు. ఎవరైనా పుస్తకాలిస్తే ఉంచుకోవాలో, తిప్పి పంపాలో కమిటీకి నివేదిక రాయడం నా పని.

మొదటి వారమే ఆరు పెట్టెల నోట్‌బుక్కులు నా బల్ల దగ్గరికి వచ్చాయి. ఇచ్చినావిడ హానా, డెబ్బై దాటిన చెక్ మహిళ. ఆవిడ తండ్రి తమ దేశంలో రైల్వే గుమాస్తాగా చేస్తూ ఈ నోట్‌బుక్కుల్లో కవిత్వం రాశారు. చివరి రోజుల్లో కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే పోయారు. హానా చిన్న అపార్ట్‌మెంట్‌కు మారుతున్నారు. మేం వద్దంటే పెట్టెలు చెత్తలోకే.

మా కంప్యూటర్‌లో ప్రతి పుస్తకానికీ ఉండే రికార్డులో భాష కోడ్ అని మూడక్షరాల గడి ఉంటుంది. పాఠకుడు ఒక భాష పుస్తకాలు వెతికితే కంప్యూటర్ చూసేది దాన్నే. ఈ నోట్‌బుక్కుల రికార్డులో కవి దేశాన్ని బట్టి ఎవరో 'చెక్' కోడ్ వేశారు. మా దగ్గర చెక్ చదివేవారు లేరు కనుక తిరస్కరించవచ్చని కింద రాశారు.

నేను ఒక నోట్‌బుక్ తెరిచాను. చాలా మాటలు 'ఓ'తోనో 'ఆ'తోనో ముగుస్తున్నాయి. అది ఎస్పెరాంటో, అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని ఒకాయన కూర్చిన భాష. గుర్తుపట్టాను గానీ చదవలేను.

ఆదివారం మా తెలుగు చర్చిలో భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. బాపట్ల నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఇంజినీర్ సుందరరావు గారు చేతిలో ప్లేటు పక్కన పెట్టేశారు.

"ఎస్పెరాంటోనా? కాలేజీలో ఉండగా పోస్ట్‌లో నేర్చుకున్నానమ్మా! యాభై ఏళ్లలో ఒక్కళ్లూ అడగలేదు. రేపు మార్నింగే డ్రైవ్ చేసుకుని వచ్చేస్తా."

సోమవారం ఆయన వచ్చే వేళకు హానాను కూడా లైబ్రరీకి పిలిచాను. తండ్రి ఆ భాష తమకెప్పుడూ నేర్పలేదని ఆవిడ చెప్పారు. సుందరరావు గారు ఒక్కో పంక్తీ పైకి చదువుతూ ఇంగ్లిష్‌లో చెబుతున్నారు. ఒక కవితలో ఐదేళ్ల పిల్ల, జామ్‌కని దాచిన చెర్రీ పళ్లన్నీ తినేసి నేరం కుక్క మీదికి నెడుతుంది. తండ్రి పిల్ల ఎర్రటి మూతి చూసి కూడా కుక్కనే మందలిస్తాడు.

హానా పెద్దగా నవ్వేశారు. "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నాన్నకు అప్పుడే తెలుసన్నమాట!" అన్నారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చదవమన్నారు.

ఆ మధ్యాహ్నమే కోడ్ సరిచేశాను. సుందరరావు గారు చెప్పిన సారాంశాలతో నివేదిక పంపాను. కమిటీ ఆరు పెట్టెలూ ఉంచుకుంది. నేను రిటైరయ్యేదాకా వాళ్లిద్దరూ గురువారాలు వచ్చి చదువుకుంటూనే ఉన్నారు.

కవి ఏ దేశంవాడో చూసి పుస్తకం ఏ భాషదో రాయకూడదు. పేజీ తెరవాలి. మనం చదవలేనిదైతే చదవగలిగినవారి కోసం అడగాలి. లైబ్రరీలో దొరక్కపోతే బయట అడగాలి.