ఐదు నెలల అక్క

కాగితాల ప్రకారం మా అక్క నాకంటే ఐదు నెలలే పెద్ద. ఒక తల్లి కడుపున ఐదు నెలల తేడాతో ఇద్దరెలా పుట్టారని వీసా ఇంటర్వ్యూలో అద్దం వెనక ఆఫీసరు అడిగితే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. అమెరికా పౌరసత్వం వచ్చాక అక్క తోబుట్టువుల కోటాలో నాకోసం పెట్టిన గ్రీన్‌కార్డు దరఖాస్తు అది. పద్నాలుగేళ్లకు మా వంతు వచ్చింది. మేం సొంత అక్కాచెల్లెళ్లమని రుజువు చేయకపోతే అన్నేళ్ల ఎదురుచూపూ గంగలో కలిసినట్టే.

తప్పు నా చేతిది. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో అప్పట్లో పురుళ్లన్నీ ఇళ్లలోనే. పుట్టిన తేదీ ఎవరూ రాయించలేదు. నన్నెత్తుకు తిరగడంతో అక్క ఏడేళ్లదాకా బడి మొహం చూడలేదు. చివరికి ఇద్దర్నీ ఒకేరోజు తీసుకెళ్లారు. కుడిచెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుంటే ఐదేళ్లు నిండినట్టు లెక్క. నాకు నిజానికి నాలుగే, కానీ పొడుగు చెయ్యి, చెవి అందేసింది. మేష్టారు మా ఇద్దరికీ తోచిన తేదీలు వేసేశారు.

మేం పుట్టినప్పుడు చూసినవాళ్ల అఫిడవిట్ తెమ్మన్నాడు ఆఫీసరు. ఇక మిగిలిన సాక్షి మా అమ్మ పురుళ్లు చూసిన దొడ్డమ్మ ఒక్కతే. నోటరీ చేసే ప్లీడరు గారిని వెంటబెట్టుకుని వెళ్లేసరికి ఆమె మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. ఎండకు నేలంతా ఎర్రగా వెలుగుతోంది. ఘాటుకు నా కళ్లల్లో నీళ్లు నిండి, మనుషులూ కాయలూ కలిసిపోయి కదులుతున్నట్టు కనిపించాయి. ఇక్కడే ఎప్పుడో నిద్రపోయి ఇప్పుడే లేచినట్టు అనిపించింది.

"తేదీ నాకేం తెలుసే అమ్మాయ్. రెండో కోత కాయ ఎండుతోంది, అప్పుడు పుట్టావు. మీ అక్క మూడేళ్లది. కాయల్లో ఆడుకుని వచ్చి, చెల్లి కళ్లు తెరవట్లేదని ఆ చేతుల్తోనే నీ రెప్పలు విప్పబోయింది. గుక్కపట్టి ఏడ్చావు."

"కళ్ల సంగతి మనకెందుకండీ, పుట్టుక చాలు" అన్నారు ప్లీడరు గారు.

"అది రాయకపోతే నేను వేలిముద్ర వెయ్యనయ్యా" అంది దొడ్డమ్మ.

రాశారు. అదే సాయంత్రం ఫోన్‌లో అక్కకు చదివి వినిపించాను. కళ్ల మాట రాగానే అక్క ఆపమంది.

"రోజూ పొద్దున్నే నీ మొహం ముందు వేళ్లు పెట్టి ఎన్ని అని అడిగేదాన్ని, గుర్తుందా?"

"ఆటనుకున్నాను అక్కా."

"ఆట కాదే. నావల్ల నీకు చూపు పోతుందేమోనని మన వీధిలో ఎవరో అన్నారు. నువ్వు బడికెళ్లి పలకమీద అక్షరాలు చూసి రాసేదాకా నాకు నిద్రపట్టలేదు."

ఆ అఫిడవిట్ ఇచ్చిన కొన్ని వారాలకు వీసా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత అక్కను ఎలా పలకరించాలో దారంతా ఆలోచించాను. అక్కడ విమానాశ్రయంలో జనం వెనక నెరిసిన జుట్టుతో నిలబడిన అక్క, నన్ను చూడగానే చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించింది.

మూడు అని చెప్పబోయి, నేనూ మూడు వేళ్లు ఎత్తాను.