అట్ట ఇంటి గుమ్మంలో

ఒక అబద్ధాన్ని పదేళ్లకు పైగా మోస్తున్నాను. చిన్నదే. "లేదు" అన్న ఒక్క మాట. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రాయపూర్‌లో రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం ఓ ఆట ఆడేవాళ్లం. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు అందులో మనుషులై పాచికలు వేస్తూ ముందుకు వెళ్తారు. కథ నాది. కథలోని ఊరూ నాదే. దళసరి కాగితం కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి కోటగోడలు, బావులు, ఇళ్లు బల్ల మీద నిలబెట్టేవాణ్ణి. వాటిలో ఒక ఇంటిని మా రమణ వాళ్ల క్వార్టర్‌లాగే చేశాను. వాళ్లమ్మ చనిపోయిన ఏడాది అది. కిటికీలో వేలెడంత కాగితపు బొమ్మని కూడా పెట్టాను, చీర కట్టుకున్న ఆడమనిషి. ఎందుకు? అందంగా ఉంటుందనుకున్నాను. నిజంగా అంతేనా?

ఓ వారం జిగురూడి బొమ్మ పక్కకి ఒరిగింది. రమణ పాచికలు కింద పెట్టేశాడు. అమ్మ ఇలాగే నిలబడేదన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం, వాళ్లు రాకముందే, బొమ్మని నేనే జరిపేవాణ్ణి. ఓసారి వంటింట్లోకి. ఓసారి పెరటివైపు. రమణ వస్తూనే దానికోసం వెతికేవాడు. వాడి కళ్లు చూస్తే నాకు భయంగానూ ఉండేది, గొప్పగానూ ఉండేది.

అప్పుడే వాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. వాడు వెళ్తే ఆట ఆగిపోతుంది, ఆట ఆగితే నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లెవరూ ఉండరు. ప్రయాణానికి ముందు ఆదివారం బొమ్మని వీధి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాను.

"ఒరే, సచ్ బోల్. బొమ్మని నువ్వు కదిపావేటి?"

"లేదురా."

"మా అమ్మ మీద ఒట్టెయ్."

వేశాను.

"అయితే ఎల్లొద్దంటంది," అన్నాడు మెల్లగా.

వాడు వెళ్లలేదు. ఆ కాగితపు ఇంటిని నన్నడిగి పట్టుకుపోయాడు. ఆటకి మళ్లీ రాలేదు. వాళ్ల నాన్న రిటైరై శ్రీకాకుళం వెళ్లిపోయినా, రాయపూర్ పక్కనే మందిర్ హసౌద్‌లో గది తీసుకుని ఒక్కడే ఉండిపోయాడు.

ఒకసారి వెళ్లాను, చెప్పేద్దామనే. మిట్టమధ్యాహ్నం, కూలర్ మోత. బల్ల మీద అదే ఇల్లు. తలుపులు, కప్పు జిగురుతో అంటించేశాడు, కిటికీలకి ప్లాస్టిక్ కాగితం. లోపల బొమ్మ గోడవైపు తిరిగి ఉంది. వాడు టీ పెట్టడానికి లేచాడు. మాటలు కూడగట్టుకుంటూ నేను వీధిలోకి చూశాను. మళ్లీ ఇటు తిరిగేసరికి బొమ్మ కిటికీ దగ్గరుంది. నావైపు చూస్తూ. ముందు నేనే సరిగ్గా చూడలేదా? ఏమో. టీ తాగి, చెప్పకుండానే వచ్చేశాను.

వాడింకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు చెబితే వాళ్లమ్మని వాడి దగ్గర్నుంచి మళ్లీ లాక్కున్నట్టవుతుందని నాకు నేను చెప్పుకుంటాను. ఇదీ ఓ సాకేనేమో.

గుమ్మంలో నిలబెట్టింది నేనే. పోయినావిడ మీద దొంగ ఒట్టు వేసింది నేనే. ఆ గదిలో కదిలింది మాత్రం నా చేత్తో కాదు.

రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది.