ఎదుటి బాల్కనీ దీవెన

కైరొల్లా గొంతు గంటలా ఉంటుందని ఆ అపార్ట్‌మెంట్ల మధ్య వాకిట్లో అందరూ అంటారు. అలిమ్‌కుల్ మాత్రం ఒప్పుకోడు. గంట ఎక్కడ కడతారో ఆలోచించుకోండి, గొర్రె మెడకే కదా అంటాడు.

అలిమ్‌కుల్ కిర్గిజ్ మనిషి. నారిన్ దారిలో బస్సు నడిపి, దొలోన్ కనుమ మంచులోంచి జనాన్ని క్షేమంగా దాటించినవాడు. ఆ గౌరవంతోనే అక్కడ ఏ విందు ముగిసినా దీవెన ఆయన చేతే చెప్పించేవారు. దీవెనంటే వట్టి 'చల్లగా ఉండు' కాదు. రెండు అరచేతులూ పైకి పట్టి, ఎదుటి మనిషికి తగ్గట్టు ప్రాస కట్టి, అప్పటికప్పుడు నాలుగు చరణాలు అల్లాలి. ఆఖర్న అందరూ 'ఓమీన్' అని అరచేతులతో ముఖం తుడుచుకోవాలి. భార్య పోయాక కూతురు జిపార్ ఆయన్ని కజాకుల ఊరు ఆల్మటీకి తెచ్చుకుంది. అల్లుడు యెర్కెన్ కజాకు. ఇక్కడ ఆయన్ని టీ తాగమన్నవాళ్ళే గానీ దీవించమన్నవాళ్ళు లేరు.

కరోనా వచ్చి అందరినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టాక అసలు కష్టం మొదలైంది. సాయంత్రం కాగానే జనం బాల్కనీల్లోకి వచ్చేవారు. ఒకింట్లో పుట్టినరోజు, ఒకింట్లో జ్వరం తగ్గిన పిల్ల. ఏదైనా సరే, "కైరొల్లా తాతా, ఒక్క దీవెన" అనేవారు. ఎదుటి మూడో అంతస్తులోంచి ఆ కజాకు ముసలాయన చేతులు చాచి అందుకునేవాడు. ముఖం ముట్టుకోవద్దని డాక్టర్లు చెప్పారు గనక వాకిలంతా ముఖానికి జానెడు దూరంలో గాలిని తుడుచుకునేది.

అలిమ్‌కుల్ తెర వెనక నిలబడి వినేవాడు. ఫలానా ప్రాస నిన్నటిదే, ఫలానా గుర్రం పోలిక మొన్నటిదే అని జిపార్‌తో నేరాలు చెప్పేవాడు. తప్పులు పట్టాలంటే శ్రద్ధగా వినాలి కదా, అలా కైరొల్లా దీవెనలన్నీ ఆయనకు నోటికి వచ్చేశాయి. కడుపుమంట అక్కడితో ఆగలేదు. బంగాళాదుంపలు ఒలుస్తూ, వీడు ఇలా అన్నాడు గానీ నేనైతే ఇలా అందును అని తనూ అల్లడం మొదలుపెట్టాడు. ఒక్కోరోజు మంచి చరణం తగిలితే దుంప సగానికి సగం తొక్కతోనే పోయేది. ఊరు గుర్తొచ్చి నిట్టూర్చడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. జిపార్‌కి తెలుసు. దుంపలు ఇంకో గిన్నెడు ఎక్కువే ముందు పెట్టేది.

కైరొల్లాకి తెర కదలిక కనిపించేది. కిర్గిజుల పిల్ల కజాకుల ఇంటికి వచ్చింది కాబట్టి ఆయన లెక్కలో అలిమ్‌కుల్ వాడమొత్తానికీ వియ్యంకుడే.

"ఏం బావగారూ, కొత్త కోడల్లా తెర చాటున నిలబడ్డారు? నోట్లో 'ష' అడ్డం పడిందా?"

రాయిని కిర్గిజులు 'తాష్' అంటే కజాకులు 'తాస్' అంటారు; అలాంటి మాటల్లో 'ష' వాళ్ళ నోట్లో 'స' అయిపోతుంది. ఇన్నేళ్ళున్నా తన 'ష' చెక్కుచెదరలేదని అలిమ్‌కుల్ గర్వం. "మీరు అరిగిపోయిన నాలుకతో మాట్లాడతారు, మేం నిండు నాలుకతో" అని తెర వెనకనుంచే జవాబిచ్చేవాడు.

ఇంతలో మనవడు సంజర్ అడుగులు వేశాడు. తొలి అడుగులు పడ్డ పిల్లాడి కాళ్ళకు నలుపూ తెలుపూ పేనిన తాడు కట్టి, కోసి, దీవించి నడిపించాలి. ఇంకెవరు, తనే దీవించాలి అని అలిమ్‌కుల్ దుంపల దగ్గర చరణాలు సిద్ధం చేసుకుంటుండగా, అల్లుడు వాకిట్లోకి తల పెట్టి కైరొల్లాని అడిగేశాడు. ఆయన సరేనన్నాడు. అలిమ్‌కుల్ "పిలవండి, అంతటి వాడు ఇంకెవరున్నారు" అని మాత్రం అని, ఆ పూట టీలో ఎప్పుడూ వేసుకునే ఉప్పు వేసుకున్నాడా లేదా కూడా చూసుకోలేదు.

వారం తిరక్కుండా కైరొల్లాకి దగ్గు పట్టుకుంది. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. ఎదుటి బాల్కనీ ఖాళీ, సంజర్ తాడు వేడుక వాయిదా. ఇక అలిమ్‌కుల్ హాయిగా ఉండాలి కదా. దుంపలు తొక్క తీస్తే తొక్కే వచ్చేది, చరణం వచ్చేది కాదు. ఓర్వలేకపోవడానికి ఎవరూ లేక ఆయనకు అన్నం సయించలేదు. ఆసుపత్రిలో వాడెలా ఉన్నాడని కూతుర్ని రోజూ అడిగేవాడు, అడిగినట్టు కనపడకుండా.

కైరొల్లా తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. యెర్కెన్ మామ దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ, "నాన్నగారూ, దీవెన మీరే చెప్పాలి" అన్నాడు.

అలిమ్‌కుల్ గడ్డం చేసుకున్నాడు. తెల్ల ఉన్ని కల్పాక్ టోపీ తీసి దులిపి పెట్టుకున్నాడు. వాకిట్లో జనం ఎడం ఎడంగా నిలబడ్డారు, మిగిలినవాళ్ళు బాల్కనీల్లో. కింది ఇంటావిడ పిల్లాడి కాళ్ళ తాడు కోసింది. అలిమ్‌కుల్ చేతులు చాచాడు, గొంతు సవరించాడు, అందుకున్నాడు.

"నీ దారిలో ప్రతి తాసూ మెట్టుగా మారనీ..."

తలలన్నీ ఎదుటి బాల్కనీ వైపు తిరిగాయి. తాసు. మాట కైరొల్లాది, పలుకు కైరొల్లాది, చివర ఆగే తీరు కూడా అచ్చంగా కైరొల్లాదే.

మూడో అంతస్తులోంచి సన్నటి గొంతు వచ్చింది. "బావగారూ... ఆ రాయి మా పెరట్లోది. అక్కడ పెట్టేసి... మీది తెచ్చుకోండి."

నవ్వు బాల్కనీ నుంచి బాల్కనీకి పాకింది. అలిమ్‌కుల్ చెవులు టోపీ అంచుదాకా ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం దించలేదు. దించితే ఇక ఈ వాకిట్లో ఎప్పటికీ ఎత్తలేడని తెలుసు. తయారుచేసుకున్న చరణాలేవీ గుర్తు రాలేదు. తలెత్తి ఎదుటి బాల్కనీ చూశాడు. దుప్పటి కప్పుకుని కైరొల్లా కూడా చేతులు చాచి కూర్చున్నాడు. అప్పుడొచ్చింది.

"అడుగు పడ్డ చోటల్లా నేల మెత్తబడనీ. నువ్వు పడ్డ చోట లేపే చెయ్యి పక్కనుండనీ. నీ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉండనీ. అందులో నిన్ను నిద్రపోనివ్వని మొనగాడుండనీ. వాడికి నిండా ఊపిరుండనీ."

'ఓమీన్' అని వాకిలంతా గాలిని తుడుచుకుంది. అలిమ్‌కుల్ మరిచిపోయి ముఖమే తుడుచుకున్నాడు, కళ్ళతో సహా. జిపార్ శానిటైజర్ సీసాతో పరుగెత్తుకొచ్చింది. సంజర్ నాలుగడుగులు వేసి కూలబడ్డాడు.

ఆకులు రాలే వేళకు కైరొల్లా గొంతు తిరిగొచ్చింది. కింది ఇంట్లో పాప పుడితే ఆయన్నే అడిగారు. అలిమ్‌కుల్ ఈసారి తెర పక్కకు లాగి, కుర్చీ వేసుకుని మరీ విన్నాడు.

"నీ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉండనీ..."

"దొంగ వెధవ" అన్నాడు అలిమ్‌కుల్, దీవెనకు చాచిన చేతులు దించకుండానే. తన చరణమే. ఆ గంట గొంతులో తన నోట్లోకన్నా బాగుంది. అదే ఆయనకు సహించలేదు.

మర్నాడు టీ కూడా తాగకుండా దుంపల దగ్గర కూర్చున్నాడు. ప్రతి మాటలోనూ 'ష' ఉండే చరణం కావాలి. కజాకు నోట్లో పడగానే ప్రాస పుటుక్కున విరగాలి.