లోడెక్కితేనే బయటపడే రోగం

మొన్న మాఘమాసంలో రెండో శనివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా మనవరాలి కంప్యూటరు మూడోసారి రిపేరు కొట్టు బల్ల ఎక్కింది. టైము గోడ గడియారంలో చూసి నేనే రాసుకున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కంటబడ్డదేదీ చదవకుండా వదలను.

మాది మండపేట. రైసు మిల్లు గోడ, మా ఇంటి గోడ ఒకటే. ఆ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మా అబ్బాయి కూతురు డిగ్రీ చదువుతూ కంప్యూటరులో తుపాకుల ఆట ఆడుతుంది. బాగా ఆడుతుంది కాబట్టే జట్టులో చేర్చుకున్నారు. మర్నాడే పోటీ. ఈ కంప్యూటరేమో ఆట మొదలెట్టిన పావుగంటకల్లా ఠక్కున ఆగిపోతోంది. సినిమా పెడితే ఆగదు, పాఠాలు రాసుకుంటే ఆగదు. ఆటకే ఆగుతుంది.

ఆడపిల్లకి ఆ ఆటలేమిటని మా అబ్బాయికి మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఈసారీ బాగుపడకపోతే కంప్యూటరుని కొట్టులోనే వదిలేసి వస్తాననీ, ఇంట్లో మళ్ళీ ఆ ఊసు ఎత్తొద్దనీ తేల్చేశాడు. పిల్ల ఏడవలేదు. తన బదులు ఇంకొకరిని చూసుకోమని జట్టువాళ్ళకి ఫోను చేయబోతుంటే విన్నాను. ఆగమని చెప్పి, తండ్రీకూతుళ్ళతోపాటు నేనూ ఆటో ఎక్కాను.

కొట్టాయన మర్యాదస్తుడే. అప్పటికి రెండుసార్లు లోపలున్నదంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించాడు. రెండుసార్లూ రోజంతా నడిపి చూసి, బ్రహ్మాండంగా ఉందని పంపించాడు. ఈసారి బొమ్మలు చూపించే కార్డు పోయిందన్నాడు. ఇంత పాతదానికి కొత్త కార్డు దండగన్నాడు. మా అబ్బాయి వెంటనే తలూపాడు.

రోజంతా నడిపారు సరే, దానిచేత ఏం పని చేయించారని అడిగాను. ఏమీ లేదట. ఊరికే ఆన్ చేసి ఉంచారట.

"ఖాళీగా తిరిగే మోటారు ఏ రోగమూ చెప్పదండి. ధాన్యం పోసి చూడాలి. ఆ ఆటే పెట్టించండి."

"ఇది మిల్లు కాదు కదండీ మామ్మగారూ," అని నవ్వాడాయన.

"మిల్లయితే మొదటిసారే దొరికిపోయేది లెండి."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు మా అబ్బాయి. మిల్లులో మేస్త్రీ ఊరుకోమంటే కూలి పోతుందని ఊరుకునేదాన్ని. ఇప్పుడు నాకు పోయే కూలి లేదు. కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చున్నాను.

పిల్ల ఆట పెట్టింది. లోపలి వేడి ఎంతుందో తెర మూలన అంకెల్లో పడేటట్టు ఏదో నొక్కింది. ఆ అంకెలు నేనే పైకి చదివాను. అరవై రెండు. డెబ్బై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తొంభై ఏడు. తెర నల్లబడింది. కొట్టాయన నవ్వు మానేసి, నేను అడగకుండానే స్క్రూడ్రైవరు తీశాడు.

పక్క రేకు విప్పితే ఏముంది? పైన ఫ్యాను బాగానే ఉంది, వేలితో తోస్తే తిరిగింది. దాని కింద సన్నటి రేకుల వరస ఉంటుంది, వేడి పోయేది వాటి సందుల్లోంచే. ఆ సందులన్నీ తవుడు దుమ్ముతో పూడుకుపోయి ఉన్నాయి. వేలితో గీకితే పిడకలా పెచ్చు లేచింది.

తప్పెవరిదో కూడా రాయాలి. నాదే. మిల్లు దుమ్ము పడుతుందని బియ్యం సంచీ గుడ్డతో ఆ పెట్టెకి తొడుగు కుట్టాను. పిల్ల ఆడేటప్పుడు కూడా తీయనిచ్చేదాన్ని కాదు. గాలి ఆడదు మామ్మా అని అది ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. అడుగునుంచి దుమ్ము ఎలాగూ దూరింది. దూరింది బయటికి పోయే దారి నేను మూసేశాను. మిల్లులో వారం వారం మోటారు ఆపి దుమ్ము ఊదించినదాన్ని, ఇంట్లో చేసిన నిర్వాకం ఇది.

మా అబ్బాయి వైపు తిరిగాను.

"ఇందులో పిల్ల తప్పు లేదు, ఆట తప్పూ లేదు. తిడితే నన్ను తిట్టు."

వాడు పక్కకి జరిగి కొట్టాయనకి దారిచ్చాడు.

కొట్టాయన బ్లోయరు తెచ్చాడు. ఆ గాలికి ఫ్యాను గిర్రున తిరిగి పాడవకుండా రెక్క వేలితో పట్టుకోమన్నాను. ఆయనకది తెలుసు, అయినా అలాగేనండీ అన్నాడు. దుమ్మంతా పోయాక వేడిని రేకుల్లోకి ఎక్కించే పేస్టు కింద ఎండిపోయి ఉంటే, అది తుడిచి కొత్తది రాశాడు. మళ్ళీ ఆట. పావుగంట దాటింది, అరగంట దాటింది. గంట గడిచినా అంకె డెబ్బై నాలుగు దాటలేదు. అవతలి జట్టువాడెవడో చచ్చినట్టున్నాడు, పిల్ల బల్ల గుద్దింది.

"సరే, రేపటి సంగతి ఇంటికెళ్ళి మాట్లాడదాం," అన్నాడు మా అబ్బాయి.

"మాట్లాడేదేం లేదు. రేపు అది ఆడుద్ది. నువ్వు పెట్టె మోసుకురా."

మోసుకొచ్చాడు.

ఆ వేళ అక్కడున్నవాళ్ళం: నేను, నా మనవరాలు, పెట్టె మోసిన మా అబ్బాయి, కొట్టాయన, బిల్లులు రాసే ఆయన భార్య, ప్రింటు కోసం వచ్చి ఆట అయ్యేదాకా కదలని ఒక స్కూలు మాస్టారు.