కొలతల పుస్తకం వెనక పేజీలు

ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో, ఎవరి ఓటు ఎటో దర్జీకి తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. కొలతల పుస్తకం ముందు పేజీల్లో నడుములు, వెనక పేజీల్లో ఓటర్లు. ముప్పై ఏళ్లుగా పోలింగ్ రోజున మిషన్ మీద గుడ్డ కప్పి, పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, తన పార్టీ వాళ్లందరినీ బూత్‌కి పంపి, ఆఖరున తాను వేసేవాడు. వీధి ఒక్కసారీ చేజారలేదు. చనిపోయినవాళ్ల పేర్లూ, పార్టీ మారినవాళ్ల పేర్లూ కొట్టేసేవాడు. పుస్తకంలో అంతకు మించి చేసిన మార్పు లేదు.

ఈసారి కొట్టివేతలే ఎక్కువ కనిపించాయి. మిగిలినవాళ్లలో ఒకావిడకి మోకాళ్ల నొప్పులు, ఒకాయనకి ఎండ పడదు. "మనవాళ్లు ఎలాగూ గెలుస్తారు కదా, నేనొక్కణ్ణి రాకపోతే ఏమైంది?" అన్నాడు రిటైరైన డ్రైవరు మంచం దిగకుండా.

బూత్ దగ్గర మాత్రం వరుస గేటు దాటింది. అన్నీ లేత మొహాలే. పక్కనే ఫోన్‌లో పేర్లు చూసుకుంటూ హడావుడిగా తిరుగుతోంది తమ్ముడి కూతురు, కొత్త పార్టీ తరఫున. నిన్నగాక మొన్న తన కుట్టుమిషన్ కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుకున్న పిల్ల! అందరూ దాన్ని "అక్కా, అక్కా" అంటుంటే దర్జీకి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు తనని ఇలాగే "అన్నా, అన్నా" అనేవారు. కుళ్లంటే కుళ్లే, దాచడం దేనికి? ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. షాపుకొచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. తన ఓటు సంగతే మరిచిపోయాడు.

ఐదున్నరకి షాపు ముందు స్కూటర్ ఆగింది.

"పెదనాన్నా, నువ్వింకా వెయ్యలేదు. ఎక్కు, టైమైపోతోంది."

"నా ఓటుతో నీకేం పనే? నీకు వేస్తాననుకుంటున్నావా?"

"వెయ్యవని తెలుసులే. నా లిస్టులో వీధి మొత్తం ఉంది, నువ్వూ ఉన్నావు. ఈ ఓటు పోతే రేపట్నుంచి నామీదేగా విసుక్కుంటావు!"

వెళ్లాడు. తన పార్టీకే వేశాడు. వచ్చాక మంట ఇంకా పెరిగింది. తన పార్టీ వాడొక్కడూ తనని పిలవడానికి రాలేదు, ఇది వచ్చింది. దీని పేరు కొట్టేయాల్సిందేనని పెన్సిల్ తీసి, తమ్ముడి ఇంటి పేజీ తెరిచాడు.

తమ్ముడు, మరదలు. ఆ కింద ఖాళీ.

నాలుగేళ్ల కిందట, పద్దెనిమిది నిండిన రోజునే వచ్చింది ఆ పిల్ల. "పెదనాన్నా, నా పేరు కూడా రాసుకోవా?" అని అడిగింది. "మీ నాన్న ఎటు వేస్తే నువ్వూ అటేగా, రాయడం దేనికి?" అని నవ్వి, కత్తెర అందుకున్నాడు.

పెన్సిల్ చేతిలోనే ఉంది. కొట్టేద్దామన్నా అక్కడ పేరు లేదు.